ఏదో నాలుగు జీవాలు

నేనిక్కడ రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. మా జిరాక్సు మిషను మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతున్న తల్లి అది. పైగా ఉన్నది ఉన్నట్టు చూపించడం తప్ప దానికి వేరే విద్య రాదు. పొదిలిలో నా మాట నమ్మేవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకాయన కాలం చేశాడు, రెండో ఆయనకు చెవుడొచ్చింది. అందుకే ఈ ప్రయాణం సంగతి నోటితో చెప్పకుండా కాగితం మీద పెడుతున్నాను.

ప్రయాణం మూడు రోజులు. వెళ్ళింది ఇంగ్లండుకు. దారిలో తగిలిన ఊళ్ళు మార్కాపురం, బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు. ఇప్పుడే నవ్వకండి, చివర్లో నవ్వుదురుగాని.

మార్కాపురం: జారిపోయే అక్షరాలు

మస్తాన్, నేను కలిసి డిగ్రీ చదివాం. అంటే అతను చదివాడు, నేను పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత అతను ఇంగ్లండులో ఒక ఊరికి పోయి, గోదాములో పదేళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. ఆ దేశానికి కొత్తగా కాపురానికొచ్చిన పెద్దవాళ్ళకు సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసులుంటాయట. లైబ్రరీ వెనక గదిలో ఒక సోమాలియా అమ్మ, ఒక పోలండు తాపీమేస్త్రీ, మధ్యలో మన మస్తాన్. అక్కడి టీచరమ్మ పుస్తకం తెరిచేది తక్కువట. అందరినీ వెంటేసుకుని కూరగాయల కొట్టుకూ మందుల షాపుకూ తిప్పి, మీరే అడగండి, మీరే బేరమాడండి అని తను దూరంగా నిలబడేదట.

ఇప్పుడు మార్కాపురంలో మస్తాన్ అదే పని చేస్తున్నాడు. మూతపడిన ఒక పలకల తయారీ షెడ్డులో క్లాసు. వేరే దేశంలో స్థిరపడబోయే పెద్దవాళ్ళు ఐదుగురున్నారు. నోటు పుస్తకాలు లేవు, అందరికీ పలకలే. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు, సిగ్గు మిగలదు అంటాడు. ఆ పలకలు ఎంత నునుపంటే, మస్తాన్ ఒకదాని మీద ‘గో’ అని ఇంగ్లీషులో రాసి నిలబెట్టాడు, రెండక్షరాలూ జర్రున జారి నేలమీద పడ్డాయి. చీపురుతో ఊడ్చిన చెయ్యి నాదే.

ఐదుగురిలో రత్నమ్మ గురించి చెప్పాలి. తర్లుపాడు దగ్గర పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. నలభై ఏళ్ళుంటాయి. మొదటి భర్త పోయాక మందను ఒంటిచేత్తో పెంచింది. రెండేళ్ళ కిందట కంభం వైపు మనిషి ఒకాయన ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆయనా భార్య పోయినవాడే. ఇంగ్లండులో సిటీ బస్సు నడుపుతాడు, అక్కడి పౌరుడైపోయాడు. ఈమె అక్కడికి చేరాలంటే హైదరాబాదులో ఒక ఆఫీసరు ముందు కూర్చుని పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి పాసవ్వాలి. ఒకసారి తప్పింది. రెండోసారి వచ్చే సోమవారం.

“ఈతూరి కూడా తప్పితే మళ్ళా పోను అన్నా,” అంది నాతో. “ఫోన్లోనే కాపరం చేసుకుంటా ఉంటా. ఆయనా అదే అంటాండాడు, ఇంక నీ ఇష్టమని.”

ఎందుకు తప్పిందో మస్తాన్ చెప్పాడు. ఆఫీసరు ఏం పని చేస్తావని అడిగాడు. గొర్రెలు మేపుతానంది. ఎన్ని గొర్రెలు అన్నాడు. “ఫోర్ సార్” అంది. పోయిన నెల ఏం చేశావన్నాడు. ఆరు గొర్రెలు అమ్మానంది. నాలుగు గొర్రెల్లో ఆరు ఎలా అమ్మావమ్మా అన్నాడాయన. అంతే. మూసుకున్న నోరు హైదరాబాదు దాటేదాకా తెరవలేదు.

“మందను ఇంతని చెప్పకూడదు గదన్నా,” అంది రత్నమ్మ. “దిష్టి తగుల్తాది. ఎవురడిగినా ఏదో నాలుగు జీవాలుండాయంటాం. మా నాయనా అట్లనే అనేటోడు, ఆయన నాయనా అట్లనే అనేటోడు.”

మస్తాన్ నన్ను పక్కకు పిలిచాడు. “ఆమెకి ఇంగ్లీషు వచ్చురా. ఉన్నదాన్ని ఉందని చెప్పేదే రాదు. టీ తాగుతావా అంటే నో అంటాది. ఆకలితో ఉండి కూడా తిన్నావా అంటే యెస్ అంటాది. పది మందికి వండగలదు, వంట వచ్చా అంటే లిటిల్ అంటాది. నువ్వు మూడు రోజులు తెలుగు రాని దొర లెక్క ఉండు. ఆమె నీకు గైడు. గిద్దలూరు దాకా తిప్పుకోనొస్తాది. దారి పొడుగునా ఇంగ్లీషే.”

“నేనే ఎందుకురా?”

“మూడు రోజులు ఆపకుండా అబద్ధమాడేటోడు నాకు ఇంకెవురు తెలుసు?”

ఇలాంటి మర్యాద మనిషికి రోజూ దొరకదు. ఒప్పుకున్నాను. నా ఇంగ్లీషు కూడా జిరాక్సు ఇంగ్లీషే, ఎవరిదో కాపీ. కానీ అసలు కష్టం ఇంగ్లీషు మాట్లాడటం కాదు, తెలుగు మాట్లాడకపోవడం. ఆ సంగతి బస్సెక్కాక తెలిసింది.

బస్సులో: టికెట్టు తిన్న మేకపిల్ల

రత్నమ్మకు ఆడవాళ్ళ ఉచితం టికెట్టు, నాకు డబ్బుల టికెట్టు. నా పక్క సీట్లో ఒక అవ్వ, ఆమె ఒళ్ళో మేకపిల్ల. అవ్వది బేస్తవారిపేట. ఎక్కిన దగ్గర్నుంచీ నన్ను పలకరిస్తోంది.

“ఏం నాయనా, యాడికి? ఏంది, నోరు లేదా?”

రత్నమ్మ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, “నో తెలుగు” అంది.

అవ్వ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “పాపం, చూస్తే మన మనిషి లెక్కనే ఉండాడే! ఇంత నల్లటి దొరని ఇప్పుడే చూస్తాండా.” ఆ తర్వాత అవతలి సీటు ఆవిడతో నా గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నా పొట్ట గురించి, నా జుట్టుకు వేసిన రంగు గురించి, రంగు వెయ్యడం మరిచిపోయిన చెవుల పక్కల గురించి. “పెండ్లాం సరిగా చూసుకోదేమో, చొక్కా గుండీ చూడు” అని తీర్మానించింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. జన్మలో అంతసేపు నోరు మూసుకోవడం నాకదే మొదలు.

నేనట్లా చూస్తుండగా మేకపిల్ల నా చేతిలో టికెట్టు నమిలి మింగింది. మింగి, ఇంకోటుందా అన్నట్టు నన్ను చూసింది. సరిగ్గా అప్పుడే చెకింగ్ ఆయన బస్సెక్కాడు. దొర నోరు విప్పకూడదు. గైడు లేచి నిలబడింది.

“సార్. హిజ్ టికెట్. గోట్ ఈట్.”

“ఏందమ్మా?”

“దిస్ గోట్. ఈట్ టికెట్. ఆల్ టికెట్.”

“తెలుగులో చెప్పమ్మా తల్లీ, నీకు పుణ్యముంటాది.”

ఆమె చెప్పలేదు. చేతులతో, కళ్ళతో, ఇంగ్లీషుతో మేక టికెట్టు తిన్న కథ మొత్తం చెప్పింది. చెకింగ్ ఆయన మేకపిల్ల మూతి చేత్తో తెరిచి చూశాడు. దాని నాలుక మీద ఊరిపేరు అచ్చు చదవడానికి వీలుగా ఉంది. చదువుకుని, మేక నెత్తిన ఒక చిన్న దెబ్బ వేసి దిగిపోయాడు.

బేస్తవారిపేట: రెండోసారి అడగని దేశం

బస్టాండు పక్క హోటల్లో టీ పది రూపాయలు. మా పొదిలిలోనూ పదే, కానీ గ్లాసు ఇక్కడిది కాస్త పెద్దది. ఈ మాట మా ఊళ్ళో ఎవరితోనూ అనకండి.

“టీ?” అన్నాను దొర గొంతుతో.

“నో, థాంక్యూ.”

నేను రెండోసారి అడగలేదు. మన ఇళ్ళల్లో మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారి తాగాలి. ఆ దేశంలో మొదటిసారి వద్దంటే వద్దనే అర్థమని మస్తాన్ మరీ మరీ చెప్పాడు. వాడు వెళ్ళిన కొత్తలో ఆ తేడా తెలియక ఒకరింట్లో పెళ్ళి విందులో పస్తున్నాడట. నేను టీ తాగాను. రెండు వడలు తిన్నాను. ఆమె చూస్తూ కూర్చుంది. నాకు గొంతులో వడ అడ్డం పడిన మాట నిజమే, కానీ నీళ్ళు తాగి దింపాను.

రాత్రికి బస ఆమె తమ్ముడు ఏసోబు ఇంట్లో. చుట్టాల ఇంట్లో తెలుగు మాట్లాడొచ్చని ముందే ఒప్పందం. గడప దాటగానే ఆమె మొదటి మాట:

“ఒరే, కూడు పెట్టరా! ఈ అన్న నాకు టీచుక్క కూడా పొయ్యలా.”

“అదేంది పెద్దన్నా, ఆడమనిషిని పస్తు పెట్టి నువ్వు తిన్నావా?” అన్నాడు ఏసోబు. జరిగింది ఎంత చెప్పినా నమ్మలేదు. నిజం చెప్పినప్పుడు నా గతి ఎప్పుడూ అంతే.

రత్నమ్మ మంద నెలకిందటే తమ్ముడి దగ్గరికి చేరింది. పొద్దు వాలే వేళకు మేత నుంచి తిరిగొచ్చింది. దొడ్డి వాకిలి దగ్గర ఏసోబు ఒక బుట్ట, ఒళ్ళో గులకరాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. జత జీవాలు లోపలికి పోతే ఒక రాయి బుట్టలో వేస్తాడు. నోటితో ఒకటి, రెండు అనేది లేదు. పొద్దున మంద బయటికి పోయేటప్పుడు తీసిపెట్టిన రాళ్ళన్నీ సాయంత్రం బుట్టలోకి రావాలి. వస్తే మంద క్షేమం. ఎన్ని రాళ్ళన్నది రాళ్ళకే తెలుసు. ఒళ్ళో చివరి రాయి బుట్టలో పడేదాకా రత్నమ్మ చీర కొంగు పిడికిట్లో బిగించుకుని చూస్తూ నిలబడింది. పడ్డాక కొంగు వదిలింది.

“ఎన్నుంటాయి ఏసోబూ?” అన్నాను ఊరికే.

“ఏదో నాలుగు జీవాలుండాయి పెద్దన్నా.”

నాలుగు జీవాల అరుపులకు ఇంటి రేకులు అదురుతున్నాయి.

కంభం: తువ్వాల కింద దేశం

మర్నాడు కంభంలో దిగగానే మళ్ళీ దొరనయ్యాను. హోటల్లో, “మీల్స్?” అన్నాను.

రత్నమ్మకు “నో” నోటిదాకా వచ్చింది. వడలు గుర్తొచ్చినట్టున్నాయి. “యెస్. ప్లీజ్.” ఒక్క క్షణం ఆగి, “మోర్ పప్పు” అంది. ఆమె మొదటి అడుగు అదే అని నేను లెక్కవేసుకున్నాను.

తర్వాత జీవాల సంత చూడ్డానికి పోయాం. అక్కడ ఖాదర్ భాయ్ అని ఒక బేరగాడు. ముసలాయన, భుజాన ఎర్రగళ్ళ తువ్వాల. ఒక కొమ్ముల పొట్టేలును నేను ఊరికే మెచ్చుకోలుగా చూశాను. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, దాని మీద తువ్వాల కప్పి, లోపల నా వేళ్ళు నొక్కాడు. పెద్దమనిషి ఆప్యాయంగా పలకరిస్తున్నాడనుకుని నేనూ ఆయన వేళ్ళు గట్టిగా నొక్కాను. ఆయన ఇంకోరకంగా నొక్కాడు. నేను ఇంకా ప్రేమగా నొక్కాను. తువ్వాల తీసేసి, “ముబారక్! తోలుకపో” అని తాడు నా చేతిలో పెట్టాడు.

సంతలో ధర నోటితో చెప్పరు, పక్కవాడి చెవిన పడకుండా వేళ్ళతో మాట్లాడుకుంటారు. నేను పొట్టేలు కొన్నాను. ఆయన అడిగినదానికంటే ఎక్కువకే కొన్నట్టున్నాను.

“నో, నో!” రత్నమ్మ మధ్యలోకి దూకింది. “హీ నాట్ బై. హీ నాట్ నో ఫింగర్!”

“ఏమంటాందమ్మా ఈ బేటీ?” అని ఖాదర్ భాయ్ చుట్టూ చూశాడు. పక్కన ఇంటర్ దాకా చదివిన గడ్డి వ్యాపారి అర్థం చెప్పాడు: “దొరకి వేళ్ళ బేరం తెల్దంట భాయ్.”

“అరే! భాష రాకుంటే పోనీ, వేళ్ళు కూడా రావా?” అని ఆయన పడీపడీ నవ్వి తాడు వెనక్కి తీసుకున్నాడు. నవ్వినవాడు ఊరుకోకుండా ఇద్దరికీ టీ చెప్పాడు. రత్నమ్మ ఒక్కమాటుకే యెస్ అంది. పొట్టేలు మాత్రం బేరం కుదిరిందనే నమ్మకంతో మా వెనక బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది. దాని మొహం నాకిప్పటికీ గుర్తుంది.

గిద్దలూరు: రోడ్డంతా నాలుగు

గిద్దలూరు ఇంకా కాస్త దూరముందనగా బస్సు ఆగిపోయింది. ఎదురుగా గొర్రెల మంద. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, బస్సు ముక్కు నుంచి ముందున్న కల్వర్టు దాకా, కల్వర్టు అవతల కూడా వీపులే వీపులు. డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. మంద పక్కన గొంగడి భుజాన వేసుకున్న తాత ఒకాయన తీరిగ్గా నడుస్తున్నాడు.

నాకు చిలిపి బుద్ధి పుట్టింది. కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అడిగాను: “హలో! హౌ మెనీ షీప్?”

తాత ఆగాడు. కండక్టరు తలుపు దగ్గర్నుంచి అందుకున్నాడు. “తాతా, ఈ దొర నీ గొర్లెన్నని అడుగుతాండాడు.”

తాత మందను ఒకసారి చూశాడు. కల్వర్టు అవతలిదాకా చూశాడు. మమ్మల్ని చూశాడు.

“యాడివయ్యా. ఏదో నాలుగు జీవాలు.”

కండక్టరు రత్నమ్మ వైపు తిరిగాడు. “మేడం, నాలుగంట. మీ సారుకి చెప్పండి.”

రత్నమ్మ నావైపు తిరిగి, “ఫ...” అంది. అక్కడే ఆగిపోయింది. మళ్ళీ కిటికీలోంచి చూసింది. ఒక గొర్రె బస్సు మెట్టెక్కి లోపలికి తొంగి చూస్తోంది. “ఫో...” అని ఇంకోసారి ప్రయత్నించింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. తర్వాత నవ్వు. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు, కళ్ళవెంట నీళ్ళు.

“అన్నా,” అంది ఒప్పందం మరిచి, అచ్చ తెలుగులో. “ఆ ఆఫీసరుకి నేను ఇట్లనే కనపడినానా?”

“ఇట్లనే,” అన్నాను నేనూ తెలుగులో.

బస్సులో ఒకటే గోల. “దొరకి తెలుగొచ్చు!” అని ఒకరు, “ఆ యమ్మ దొరని అన్నా అంటాంది” అని ఇంకొకరు. రెండు రోజుల నా దొరతనం అక్కడితో ముగిసింది. రత్నమ్మ ఇవేమీ వినడం లేదు. తాతనే చూస్తోంది. నవ్వు తగ్గాక నెమ్మదిగా అంది:

“ఆయప్ప అబద్ధమాడలా అన్నా. మంద సల్లగుండాలని ఆ మాటన్నాడు. ఈ సంగతి ఆఫీసరుకి ఎవురు చెప్పాల?”

“నువ్వే.”

“ఇంగ్లీషులోనా?”

“మేక టికెట్టు తిన్న సంగతి చెప్పలేదా?”

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. గిద్దలూరు దాకా పెదాలు కదుపుతూనే ఉంది.

గిద్దలూరులో దోసె మీద ఎర్రకారం పూసి ఇస్తారు. మా పొదిలిలో పల్లీ చట్నీ పక్కన పెడతారు, కారం మనిషి ఇష్టం. ఇక్కడ ఇష్టం వాళ్ళది, కన్నీళ్ళు మనవి. ప్లేటు నలభై రూపాయలు. రత్నమ్మ నేనడగకముందే, “టూ దోసా. ఐ యామ్ హంగ్రీ” అంది. తిన్నాక అటూ ఇటూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది:

“ఎయిటీ సెవెన్.”

చెప్పిన మరుక్షణం బల్ల మీది గిన్నెలోంచి ఉప్పు పిడికెడు తీసి, తూర్పు తిరిగి మూడుసార్లు తిప్పి, తూ తూ తూ అని వీధిలోకి విసిరింది.

“ఏందమ్మా, అది సాంబారుకి పెట్టిన ఉప్పు!” అన్నాడు హోటలాయన.

“సారీ,” అంది రత్నమ్మ. “ఏదో నాలుగు జీవాలకి సరిపొయ్యేంత తీసుకున్నా.”

మూడో రోజు పొద్దున గిద్దలూరులో రైలెక్కాం. ఆమె తర్లుపాడులో దిగింది. దిగేదాకా తెలుగు మాట్లాడలేదు.

హైదరాబాదు: ఉప్పు మూట

ఇక్కడికి నేను పోలేదు. ఆమె ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

అదే ఆఫీసరు కాదు, ఇంకొకరు, ఒక పెద్దావిడ. గొర్రెలెన్ని అని అడిగింది. రత్నమ్మ సంఖ్య చెప్పింది. చెప్పి, కొంగు ముడి విప్పి, అందులో తెచ్చుకున్న ఉప్పు తీసింది. అదేమిటని ఆవిడ అడిగింది. అంతే, రత్నమ్మ మొదలుపెట్టింది. మా ఊళ్ళల్లో జీవాలెన్నని చెప్పకూడదు. కళ్ళు పడితే జబ్బులొస్తాయి. అందుకే ఎన్నున్నా నాలుగంటాం. రాళ్ళతో లెక్కేస్తాం. పోయినసారి నేను నాలుగన్నది అబద్ధం కాదు మేడం, అది గొర్రెల ఆరోగ్యం కోసం. గిద్దలూరు దగ్గర ఒక తాత రోడ్డంతా గొర్రెలు పెట్టుకుని నాలుగన్నాడు...

పది నిమిషాలు దాటిపోయాయట. ఆవిడ గడియారం చూసి, కలం కింద పెట్టి, “సరే, నేను ఈ ఉద్యోగంలో ఎన్నేళ్ళనుంచి ఉన్నానో అడుగు” అందట. రత్నమ్మ అడిగింది.

“ఫోర్,” అందట ఆవిడ. జుట్టంతా తెల్లబడి ఉందట.

పాసైంది. పోయిన నెల విమానమెక్కింది. నిన్న ఫోను చేసింది. ఇప్పుడు ఆమె కూడా సాయంత్రాలు ఒక లైబ్రరీ గదిలో క్లాసుకు పోతోంది. ఆదివారం మొగుడు ఆమెను ఊరి బయటికి తీసుకుపోయాడట.

“ఈడ గొర్ల వీపుల మీద రంగు పూస్తారన్నా. ఎన్నుండాయని ఆ గొర్లాయన్ని నేనే ఇంగ్లీషులో అడిగినా. టక్కున చెప్పేసినాడు! అంత మందని, బయట గాలిలో, నోరారా! నాకు భయమేసింది. ఆయన అటు తిరిగినప్పుడు తూ తూ తూ అని ఆయప్ప మందకి నేనే దిష్టి తీసొచ్చినా.”

ఒప్పుకోలు

ప్రమాణం చేశాను కాబట్టి ఒక మాట ఒప్పుకోవాలి. అక్షరాలు పలక మీంచి జారిన మాట నిజం, చీపురు ఆ షెడ్డులోనే ఉంది, పోయి చూడొచ్చు. మేకపిల్ల నాలుక మీద ఊరిపేరు నేనూ చదివాను. పొట్టేలు బస్టాండు దాకా వచ్చింది. అవ్వ నా చొక్కా గుండీ గురించి అన్నది కూడా నిజమే, ఇంటికొచ్చాక మా ఆవిడ కుట్టింది.

కల్పించింది ఒక్కటే. ఎనభై ఏడు.

ఆమె ఆ రోజు దోసెల హోటల్లో చెప్పిన సంఖ్య నాకు తెలుసు. ఇది అచ్చులోకి పోయే కాగితం, ఎంతమంది కళ్ళు పడతాయో తెలియదు. మంద ఇంకా బేస్తవారిపేటలో ఏసోబు దొడ్లోనే ఉంది, రోజూ సాయంత్రం ఆఖరి గులకరాయి బుట్టలో పడాలి. ఆమె ఇక్కడ లేదు, కొంగు బిగబట్టుకుని చూడ్డానికి.

కాబట్టి మీరు నన్ను ఎక్కడ పట్టుకుని అడిగినా, మళ్ళీ జిరాక్సు మిషను మీద చెయ్యి పెట్టించి అడిగినా, నేను చెప్పేది ఒక్కటే. ఏదో నాలుగు జీవాలుండాయండీ.